కార్లు లేని దారులు ఎక్కడివి? ఫ్రాన్స్ సైకిల్ మార్గాల వెనుక రైలుకట్టలూ కాలువ గట్లూ

క్లుప్తంగా: ఫ్రాన్స్‌లో వందల కిలోమీటర్ల పొడవైన సైకిల్ యాత్రా మార్గాలు చాలా ఉన్నాయి. వాటిలో మోటారు వాహనాలు అసలే రాని భాగం కొంత మాత్రమే. మిగతాది పల్లె రోడ్ల మీదుగా సాగుతుంది. ఏ ముక్క ఎలా ఉంటుందో మార్గం పేరు చూసి చెప్పలేం. ఆ నేల ఒకప్పుడు రైలుకట్టా, కాలువ గట్టా, నది కరకట్టా అన్నది తెలియాలి. ఇప్పుడు దాని బాగోగులు ఎవరి చేతిలో ఉన్నాయో కూడా తెలియాలి.

లువార్ నది వెంట 900 కిలోమీటర్లు. జెనీవా సరస్సు నుంచి మధ్యధరా సముద్రం దాకా 815 కిలోమీటర్లు. బ్రిటనీలోని రోస్కోఫ్ రేవు నుంచి అట్లాంటిక్ తీరం వెంబడి స్పెయిన్ సరిహద్దు దాకా 1,200 కిలోమీటర్ల పైచిలుకు. ఫ్రాన్స్ పర్యాటక మ్యాపుల్లో ఈ సైకిల్ మార్గాలు తెంపు లేని రంగు గీతల్లా కనిపిస్తాయి. ఆ గీత పొడవునా కార్ల బెడద ఉండదని నమ్మి చిన్నపిల్లలతో బయలుదేరిన కుటుంబం, రెండో రోజుకల్లా పాల ట్యాంకర్లు, ట్రాక్టర్లు తిరిగే రోడ్డు మీదికి చేరవచ్చు. మ్యాపులో తప్పేమీ లేదు. మార్గం ఎటు వెళ్తుందో అది సరిగ్గానే చెబుతుంది. ఆ మార్గం కింద ఏ నేల ఉందో మాత్రం చెప్పదు.

## రెండు పేర్లు, రెండు హోదాలు

గందరగోళమంతా రెండు మాటలను కలగలపడంతోనే మొదలవుతుంది. ఫ్రాన్స్ రోడ్డు నియమావళిలోకి 2004 సెప్టెంబరులో ‘వ్వా వెర్త్’ అనే హోదా చేరింది. మోటారు లేని వాహనాలకు, నడిచేవారికి, గుర్రాల మీద వెళ్లేవారికి మాత్రమే కేటాయించిన దారి అది. కాలువ సిబ్బంది వ్యానుకో, పక్క పొలం రైతు ట్రాక్టరుకో విడిగా అనుమతి ఇవ్వవచ్చు గానీ మామూలు కారుకు, మోటారు సైకిలుకు అక్కడ చోటు లేదు. గంటకు 25 కి.మీ. వేగం దాటగానే మోటారు సాయం ఆగిపోయే ఎలక్ట్రిక్ సైకిల్‌ను చట్టం సైకిల్‌గానే లెక్కిస్తుంది. అందువల్ల దానికి అడ్డు లేదు.

‘వేలోరూత్’ సంగతి వేరు. దూర ప్రయాణం చేసే సైకిల్‌వాళ్ల కోసం ఉన్న దారులనే ఒకదానికొకటి అతికి, పలకలు పెట్టి, ఒక పేరు కింద చేర్చిన వరస అది. అందులో వ్వా వెర్త్ ముక్కలుంటాయి, పట్టణాల్లోని సైకిల్ ట్రాకులుంటాయి, వాహనాలు తక్కువ తిరిగే ఊరి రోడ్లూ ఉంటాయి. మొదట చెప్పిన మూడు మార్గాలూ, అంటే వరసగా లువార్ ఆ వేలో, వియారోనా, వేలోడిసే, ఈ కోవలోవే. యూరప్ ఖండమంతటినీ కలిపే యూరోవెలో మార్గాలూ అంతే. ఫ్రాన్స్‌లో అట్లాంటిక్ తీరాన మొదలై రొమేనియాలో నల్లసముద్రం దాకా సాగే యూరోవెలో 6, లువార్ లోయలో ఎక్కువ దూరం లువార్ ఆ వేలో దారినే పంచుకుంటుంది.

దారిలో ఈ తేడాను పలకలే పట్టిస్తాయి. ఎటు వెళ్లాలో చెప్పే పలక తెల్లగా, ఆకుపచ్చ అక్షరాలతో ఉంటుంది. అది ఏ రోడ్డు మీదైనా కనిపించవచ్చు, కార్లు రావన్న హామీ ఏదీ అందులో లేదు. వ్వా వెర్త్ మొదలయ్యే చోట నీలం పలక ఉంటుంది. ఆకుపచ్చ అక్షరాలను చూసి నిశ్చింతగా ఉండే కొత్తవారు గమనించాల్సింది ఆ నీలం పలకనే.

## పట్టాలు ఎత్తేశాక మిగిలిన కట్ట

కార్లు లేని దారుల్లో పెద్ద వాటా పాత రైలు మార్గాలది. ఫ్రాన్స్‌లో అవి అంత విరివిగా ఎందుకు ఉన్నాయో తెలియాలంటే 1879 నాటికి వెళ్లాలి. ప్రజాపనుల మంత్రి షార్ల్ ద ఫ్రేసినే హయాంలో ఆ ఏడాది చేసిన చట్టం, అప్పటికే ఉన్న ప్రధాన లైన్లకు తోడు 181 లైన్లను జాతీయ జాబితాలో చేర్చింది. చిన్న పాలనా కేంద్రాలకు కూడా రైలు అందాలన్నది సంకల్పం. మరోపక్క జిల్లాలు కూడా సొంతంగా మీటర్‌గేజి లైన్లు వేసుకున్నాయి. కొద్ది దశాబ్దాల్లోనే జనం పలచగా ఉన్న కొండ ప్రాంతాల్లోకి కూడా పట్టాలు చేరాయి.

ఆ లైన్లలో చాలావాటికి గిట్టుబాటయ్యేంత రద్దీ ఎన్నడూ లేదు. మొదటి ప్రపంచ యుద్ధం తర్వాత బస్సు, లారీ వచ్చి ఉన్న కాస్త రద్దీనీ లాక్కున్నాయి. 1930ల్లో రైలుకు, రోడ్డుకు మధ్య ‘సమన్వయం’ పేరిట ప్రయాణికుల రైళ్లను తీసేసి బస్సులు నడపడం మొదలైంది. 1938లో జాతీయ రైల్వే సంస్థ ఎస్‌ఎన్‌సీఎఫ్ ఏర్పడ్డాక ఆ కోత ఇంకా వేగంగా సాగింది. ధాన్యం, కలప, రాయి మోసే గూడ్సు బండ్లు మరికొన్నేళ్లు నడిచి అవీ ఆగిపోయాయి. పట్టాలు తుక్కు కిందికి పోయాయి. మట్టికట్ట, కొండ కటింగులు, వంతెనలు, సొరంగాలు మాత్రం ఉన్నచోటే ఉండిపోయాయి.

సైకిల్‌కు ఈ నేల ఇంత అనువుగా ఉండడానికి కారణం రైలుకున్న బలహీనతే. ఇనుప పట్టా మీద ఇనుప చక్రానికి పట్టు తక్కువ, కాబట్టి ఏటవాలు ఎక్కువైతే బండి ఎక్కలేదు. అందుకే నూరు మీటర్లకు రెండు మూడు మీటర్లకు మించి ఎత్తు పెరగకుండా ఇంజనీర్లు కొండను తొలిచారు, లోయను పూడ్చారు, వాగు మీద రాతి కమానులు కట్టారు. ఆనాటి కూలీలు గునపాలతో, బండ్లతో చదును చేసిన ఆ వాలు ఇవాళ సామాన్ల సంచులు కట్టుకున్న సైకిల్‌కు, వెనక బుల్లి ట్రైలరులో కూర్చున్న పాపకు అక్కరకొస్తోంది. మలుపులు కూడా విశాలంగా ఉంటాయి కాబట్టి ఎదురుగా వచ్చేవారు దూరం నుంచే కనబడతారు.

దేశంలో మొదటి వ్వా వెర్త్‌గా చెప్పుకునేది బర్గండీ ప్రాంతంలోని సోన్-ఎ-లువార్ జిల్లాలో ఉంది. జివ్రీ నుంచి క్లూనీ దాకా 44 కి.మీ. దారి అది. 1997లో తెరిచారు, అంటే చట్టంలో హోదా రావడానికి ఏడేళ్ల ముందే. బ్యూక్సీ ద్రాక్షతోటల పక్కనుంచి సేన్-జాంగూ, కోర్మతాన్ మీదుగా సాగుతుంది. పాత స్టేషన్ల ప్లాట్‌ఫారాలు గడ్డి మధ్య ఇంకా కనిపిస్తాయి. గేటు పడే చోటల్లా కాపలాదారు కుటుంబం కోసం కట్టిన ఒకే నమూనా బుల్లి ఇళ్లు ఉన్నాయి. వాటిలో చాలామటుకు ఇప్పుడు సొంత ఇళ్లయ్యాయి, కిటికీల్లో పూలకుండీలు పెట్టుకున్నారు.

క్లూనీ దాటి మాకోన్ వైపు వెళ్తే బువా క్లేర్ సొరంగం వస్తుంది. సుమారు 1.6 కి.మీ. పొడవు. లోపల ఎండాకాలంలోనూ చలేస్తుంది, స్వెట్టర్ వేసుకోవాల్సిందే. శీతాకాలంలో గబ్బిలాలు అక్కడ నిద్రకు చేరతాయి కాబట్టి ఆ నెలల్లో సొరంగం మూసేస్తారు. అప్పుడు సైకిల్‌వాళ్లు కొండ మీదుగా చుట్టు తిరగాలి. మనుషులు వదిలేసిన నిర్మాణంలో వేరే ప్రాణులు కాపురం పెడితే, దారిని తిరిగి తెరిచేటప్పుడు వాటి హక్కునూ లెక్కలోకి తీసుకోవాల్సి వచ్చింది. సొరంగాలున్న ఇతర దారుల్లోనూ ఇలాంటి చర్చే నడుస్తుంది.

రైలుకట్టకు లోపాలూ ఉన్నాయి. లోతైన కటింగుల్లో ఇరువైపులా మట్టిగోడలే తప్ప ఏమీ కనబడదు. స్టేషన్‌ను రైలు వాలుకు అనువైన చోట కట్టారు గానీ ఊరి నడిమధ్య కట్టలేదు. అందుకే చాలాచోట్ల రొట్టెల దుకాణం, కుళాయి, భోజనం కావాలంటే దారి వదిలి కొండ ఎక్కాలి. రోడ్డు దాటే చోట్ల ఇంకో చిక్కుంది. ఒకప్పుడు రైలొస్తే రోడ్డుకు గేటు పడేది. ఇప్పుడు అదే చోట చాలావరకు కారుకే ముందు హక్కు, ఆగాల్సింది సైకిల్. పైగా మోటారు సైకిళ్లు దూరకుండా వంకరటింకరగా కట్టిన కమ్మీలు బరువైన సైకిల్‌కు, ట్రైలరుకు, ఇద్దరు తొక్కే సైకిల్‌కు పెద్ద ఇబ్బంది. వికలాంగులు చేతులతో తొక్కే మూడు చక్రాల బండి కొన్నిచోట్ల అసలు పట్టదు. ఎవరి కోసం దారి వేశారో వారినే ఆపుతున్న ఈ కమ్మీలను తీసేయడం ఆలస్యం చేయాల్సిన పని కాదు.

## కాలువ గట్టు కథ

రెండో పెద్ద వారసత్వం కాలువలది. గోదావరి, కృష్ణా డెల్టా కాలువల గట్ల మీద మనుషులు తాడు పట్టుకుని పడవలు లాగిన రోజులు గుర్తున్నవారికి ఈ దారి ఎలా పుట్టిందో వేరే చెప్పనక్కర్లేదు. ఫ్రాన్స్‌లోనూ మోటారు పడవలు వచ్చేదాకా సరకుల నావలను గట్టు మీద గుర్రాలో మనుషులో లాగేవారు. అందుకోసం నీళ్ల పక్కనే చదునుగా దారి ఉంచారు. మోటార్లు వచ్చాక తాళ్లు పోయాయి గానీ గట్టు ప్రభుత్వ ఆస్తిగానే నిలిచింది. నావికా కాలువల్లో ఎక్కువ భాగాన్ని ఇప్పుడు ‘వ్వా నావిగాబ్ల్ ద ఫ్రాన్స్’ అనే ప్రభుత్వ సంస్థ చూసుకుంటుంది.

కాలువ గట్టు రైలుకట్ట కన్నా చదును. నీళ్లు నిలిచి ఉండాలి కాబట్టి ఒక లాకు నుంచి ఇంకో లాకు దాకా ఎత్తు మారదు. లాకు దగ్గర మాత్రం రెండు మూడు మీటర్ల చిన్న ఎక్కుడు వస్తుంది. కాలువ ఊళ్లను ఒరుసుకునే వెళ్తుంది, రేవుల దగ్గర హోటళ్లు ఉంటాయి. ఇక ఇబ్బంది అంటే ఎదురుగాలి. చెట్లు లేని చోట అది రోజంతా మొహాన కొడుతుంది.

బ్రిటనీలో నాంత్ నుంచి బ్రెస్ట్ దాకా 364 కి.మీ. సాగే కాలువ ఈ రకం దారికి మంచి నమూనా. ఇంగ్లిషు నౌకాదళం రేవులను దిగ్బంధించడంతో నెపోలియన్ కాలంలో తలపెట్టిన కాలువ అది. లోతట్టు నుంచే బ్రెస్ట్ నౌకాశ్రయానికి సరకు చేరాలన్నది ఆలోచన. పని పూర్తయ్యేనాటికి ఆ యుద్ధం ఎప్పుడో ముగిసింది. తర్వాత గెర్లెదాన్ దగ్గర కట్టిన ఆనకట్ట కాలువను రెండు ముక్కలు చేయడంతో పడవలు ఇటునుంచి అటు పోలేకపోయాయి. ఆ చుట్టుపక్కల సైకిల్‌వాళ్లకు మాత్రం పాత మీటర్‌గేజి రైలుకట్ట దొరికింది. కాలువ వదిలేసిన ఖాళీని రైలు పూరించిన ఇలాంటి చోట్లే మార్గాలను అతికే పని సులువైంది.

## ఒకే మార్గంలో నాలుగు రకాల నేల

పేరును బట్టి దారిని అంచనా వేయకూడదని చెప్పడానికి ‘రెండు సముద్రాల కాలువ’ సైకిల్ మార్గాన్ని మించిన ఉదాహరణ లేదు. అట్లాంటిక్ వైపు రువాయాన్ నుంచి మధ్యధరా తీరాన సెత్ దాకా 700 కి.మీ.లకు పైగా ఉండే ఈ మార్గంలో, బోర్దో నుంచి తూర్పుగా సాగే భాగాన్ని చూస్తే చాలు.

బోర్దో శివార్ల నుంచి సోవ్‌తేర్-ద-గ్వియెన్ దాకా యాభై కిలోమీటర్ల పైచిలుకు దారి పాత రైలుకట్ట మీద వేసింది. 1937లో టూర్ ద ఫ్రాన్స్ సైకిల్ పందెం గెలిచిన రోజే లపెబీ పేరే దానికి పెట్టారు. తారు వేసిన దారి, నీడ బాగుంటుంది. మధ్యలో క్రెయోన్ అనే ఊళ్లో పాత రైల్వే స్టేషన్‌లోనే సైకిళ్లు అద్దెకిస్తారు, మరమ్మతు చేస్తారు. సోవ్‌తేర్ దగ్గర రైలుకట్ట ముగుస్తుంది. కాలువను అందుకోవాలంటే గరోన్ నది లోయలోకి దిగే చిన్న రోడ్ల మీద పోవాలి. ఎత్తుపల్లాలూ అక్కడే, కార్లూ అక్కడే.

తర్వాత గరోన్ కాలువ వస్తుంది. కాస్తెత్ నుంచి తూలూజ్ దాకా 193 కి.మీ. పందొమ్మిదో శతాబ్దం మధ్యలో పూర్తయింది. గట్టు మీద దాదాపు అంతటా తారు పడింది, సన్నటి టైర్లున్న సైకిల్ కూడా సాఫీగా సాగుతుంది. ఆజాన్ దగ్గర 23 రాతి కమానుల వంతెన మీద కాలువే గరోన్ నదిని దాటుతుంది. పడవలు నీళ్లలో, సైకిళ్లు పక్కనున్న సన్నని గట్టు మీద, కింద నది. కార్లు లేని దారిలో మొదటి యాత్ర చేయాలనుకునే కుటుంబానికి ఇంతకన్నా నిలకడైన భాగాలు దేశంలో కొద్దిగానే ఉన్నాయి.

తూలూజ్ దగ్గర కాలువ పేరు మారుతుంది, వయసూ మారుతుంది. పియేర్-పోల్ రికే 1666లో మొదలుపెట్టించిన మిది కాలువ 1681లో పూర్తయింది. 240 కి.మీ. పొడవైన ఈ కాలువకు 1996లో యునెస్కో ప్రపంచ వారసత్వ హోదా దక్కింది. తూలూజ్ నుంచి నోరూజ్ దాకా సుమారు 50 కి.మీ. మేర ఓత్-గరోన్ జిల్లా తారు వేయించింది. నోరూజ్ 189 మీటర్ల ఎత్తున ఉన్న నీటి విభజన రేఖ. నల్లకొండల నుంచి తెచ్చిన నీటిని రికే ఇక్కడే రెండు సముద్రాల వైపు పంచాడు. జిల్లా సరిహద్దు కూడా ఆ దగ్గర్లోనే ఉంది. ఓద్ జిల్లాలోకి అడుగుపెడితే తారు ఆగిపోయి మట్టిబాట మొదలవడం ఏళ్ల తరబడి ప్రయాణికులకు తెలిసిన విషయమే. కర్కసోన్ దాటాక కొన్నిచోట్ల బాట ఒక్క సైకిల్ పట్టేంత సన్నం. చెట్ల వేర్లు మోకాటి చిప్పల్లా పైకి లేచి ఉంటాయి, వాన పడితే బురద. ముప్పై ఐదు, నలభై మిల్లీమీటర్ల వెడల్పున్న టైర్లు లేనివారు ఇక్కడ అవస్థ పడతారు.

ఆ వేర్లలో చాలావరకు ప్లేన్ అనే వెడల్పాటి ఆకుల నీడ చెట్లవి. కాలువ వెంట సుమారు 42,000 ప్లేన్ చెట్లు ఉండేవి. 2006లో వాటిలో ఒక శిలీంధ్ర వ్యాధి బయటపడింది. మందు లేని తెగులు అది. సోకిన చెట్టును, దాని పక్క చెట్లను నరికి కాల్చడం తప్ప మార్గం లేదు. వేల చెట్లు పోయాయి. వాటి బదులు ఓక్ జాతి చెట్లు, ఇతర రకాలు నాటుతున్నారు. అవి ఎదిగి నీడనిచ్చేదాకా దక్షిణ ఫ్రాన్స్ జులై ఎండలో ఆ గట్టు మీద తొక్కడం కష్టమే. ప్రపంచ వారసత్వ కట్టడం కాబట్టి గట్టు మీద ఏ పని చేయాలన్నా అదనపు అనుమతులు కావాలి. తారు త్వరగా పడకపోవడానికి అదొక కారణం.

## లువార్ కరకట్టలు

లువార్ నదిది మూడో దారి. వరదల నుంచి పొలాలను కాపాడటానికి మధ్యయుగం నుంచే అక్కడ కరకట్టలు కట్టారు. కాలక్రమంలో వాటిమీద రోడ్లు పడ్డాయి. లువార్ ఆ వేలో ఆ కట్టల మీదా, కింద ఇసుక తిన్నెల పక్కనా, ద్రాక్షతోటల మధ్య రోడ్ల మీదా నడుస్తుంది. ఎక్కువ భాగంలో సైకిళ్లతో పాటు కార్లూ తిరుగుతాయి, కాకపోతే చాలా తక్కువ. ఇది లోపమని చెప్పలేం. రోజుకు పది కార్లు పోయే కరకట్ట మీద నది, ఇసుక దిబ్బలు, కోటలు కనబడతాయి. పూర్తిగా వేరు చేసిన రైలుకట్ట కటింగులో అవేవీ ఉండవు. పెద్దవారికి ఈ కరకట్ట దారే ఎక్కువ నచ్చవచ్చు. ఆరేడేళ్ల పిల్లవాడు సొంత సైకిల్ తొక్కుతుంటే మాత్రం ఆ పది కార్ల సంగతీ తేలిగ్గా తీసుకోలేం.

## ఎవరి దారి, ఎవరి ఖర్చు

దేశానికంతటికీ సైకిల్ మార్గాల ప్రణాళికను ప్రభుత్వం 1998లో ఆమోదించింది, 2010లో సవరించింది. ఇప్పుడు 2030 నాటికి పూర్తి చేయాలన్నది లక్ష్యం. కానీ పారిస్‌లో గీసేది గీతే. నేల మీద దారి వేసేది జిల్లా పాలక మండళ్లు, ప్రాంతీయ ప్రభుత్వాలు, ఊళ్ల సమాఖ్యలు. ఫ్రాన్స్‌లో 101 జిల్లాలున్నాయి. జిల్లా రోడ్లు వాటి బాధ్యతే కాబట్టి సైకిల్ దారులూ చాలాచోట్ల వాటి చేతికే వచ్చాయి. ఒక జిల్లాకు పర్యాటకం ప్రధానమైతే తారు వేస్తుంది. పక్క జిల్లాకు వృద్ధుల సంక్షేమ ఖర్చే తలకు మించిన భారమైతే గట్టు గట్టులాగే ఉంటుంది. నోరూజ్ దగ్గర దారి మారడానికి మూలం ఇదే.

దారి వేశాక అసలు ఖర్చు మొదలవుతుంది. గడ్డి కోయాలి, ఆకులు ఊడ్చాలి, వేర్లు కోసి అతుకులు వేయాలి, నూట యాభై ఏళ్ల రాతి వంతెనలను తనిఖీ చేయాలి. రిబ్బను కత్తిరించే రోజు ఫొటోలు వస్తాయి, పదేళ్ల తర్వాత పైపూత వేసే రోజు ఎవరూ రారు. దారి నాణ్యతను అంచనా వేయాలంటే అది ఎప్పుడు ప్రారంభమైందో చూసేకన్నా ఏటా దానికి ఎంత కేటాయిస్తున్నారో చూడటం మేలు.

పైపూత మీద స్థానికంగా ఎప్పుడూ ఒక వివాదం ఉంటుంది. తారు వేస్తే సైకిల్, స్కేట్లు, చక్రాల కుర్చీ అన్నీ సాగుతాయి, వానకు చెక్కుచెదరదు. గుర్రాలవాళ్లు, పరుగెత్తేవారు, నేల సహజంగా ఉండాలనేవారు గట్టి చేసిన ఇసుక లేదా రాతిపొడి చాలంటారు. అది మొదట్లో చవక. కానీ కొన్ని శీతాకాలాలు గడిచేసరికి వాననీరు చారలు కోస్తుంది, గుంటలు పడతాయి, మళ్లీ పరచాలి. దూర ప్రయాణికులు, రోజూ పనికి వెళ్లేవారు, వికలాంగులు వాడే చోట తారే న్యాయమైన ఎంపిక. చిత్తడి నేలల్లో, అడవి మధ్యలో రాతిపొడికి మొగ్గు చూపడంలో అర్థముంది.

## రైలు మళ్లీ వస్తే?

పాత రైలుకట్ట మీద సైకిల్ దారి వేస్తే ఆ లైను శాశ్వతంగా పోయినట్లేనా? వాతావరణ మార్పుల నేపథ్యంలో చిన్న లైన్లను తిరిగి తెరవాలని ఫ్రాన్స్‌లో డిమాండు పెరగడంతో ఈ ప్రశ్న వాడిగా మారింది. రైలు ప్రయాణికుల తరఫున మాట్లాడేవారు వ్వా వెర్త్‌ను లైనుకు సమాధిగా చూస్తారు. సైకిల్ సంఘాల్లోనూ చాలామంది రైలు కావాలనేవారే. దూర ప్రాంతాల నుంచి వచ్చే సైకిల్ యాత్రికుడిని దారి మొదలు దాకా తెచ్చేది రైలే కదా.

చట్టంలో దీనికి ఒక మధ్యేమార్గం ఉంది. లైనును రైల్వే ఆస్తుల జాబితా నుంచి తొలగించి అమ్మేయకుండా, నిర్వహణను మాత్రమే స్థానిక సంస్థకు అప్పగించే ఒప్పందం చేసుకోవచ్చు. భూమి రైల్వే వ్యవస్థ కిందే ఉంటుంది, అవసరమైతే వెనక్కి తీసుకోవచ్చు. అమెరికాలో 1983 నాటి చట్ట సవరణ తెచ్చిన ‘రైలు బ్యాంకు’ విధానం కూడా ఇలాంటిదే. ఒప్పందంలో అంతా సవ్యంగా కనిపించినా, వేల మంది వాడే దారిని మూసి పట్టాలు వేయడం ఏ ప్రజాప్రతినిధికైనా కష్టమే. మరోవైపు దారిగా వాడకపోతే కట్ట ముళ్లపొదలపాలవుతుంది, ముక్కలు ముక్కలుగా అమ్ముడుపోతుంది, మధ్యలో ఇళ్లు లేస్తాయి. అప్పుడు రైలూ రాదు, సైకిలూ రాదు. బ్రిటన్‌లో 1960ల్లో మూసిన లైన్లలో చాలాచోట్ల జరిగింది అదే. అక్కడ బ్రిస్టల్–బాత్ రైలుకట్ట మార్గం వంటివి తెగని చోట్ల మాత్రమే సాధ్యమయ్యాయి. స్పెయిన్ 1993లోనే జాతీయ స్థాయి కార్యక్రమం మొదలుపెట్టి, రైల్వే అనుబంధ సంస్థకే సమన్వయం అప్పగించింది. ఫ్రాన్స్‌లో పని జిల్లాలవారీగా సాగడంతో దారుల పొడవు ఎక్కువే అయినా అతుకులూ ఎక్కువే.

## ఊళ్లకు దక్కేది, రైళ్లలో ఆగేది

సైకిల్ యాత్రికుడు రోజుకు నలభై నుంచి డెబ్బై కిలోమీటర్లు వెళ్తాడు. కారులో వచ్చినవారు దాటేసి వెళ్లే ఊళ్లలో అతను ఆగి తింటాడు, పడుకుంటాడు. మోయలేడు కాబట్టి ఏ పూటకు ఆ పూటే కొంటాడు. బస్సు కూడా సరిగా రాని పల్లెలో మూతపడబోయే రొట్టెల దుకాణానికి ఇది చిన్న ఆసరా కాదు. దీన్ని గుర్తించే ‘అక్యూయ్ వేలో’ అనే జాతీయ గుర్తింపు వచ్చింది. మార్గానికి 5 కి.మీ. లోపల ఉండి, సైకిళ్లు భద్రంగా పెట్టుకునే చోటు, మరమ్మతు సామాను, బట్టలు ఉతుక్కునే వీలు వంటివి కల్పించే బసలకు ఆ గుర్తింపు దక్కుతుంది. ఒక్క రాత్రికి గది ఇవ్వడానికి వెనకాడే చోట్ల ఆ బోర్డు ఉన్న ఇల్లు యాత్రికుడికి పెద్ద భరోసా.

దారులు ఎంత పెరిగినా వాటి చివర్లలో ఇరుకు ఉంది. చాలా యాత్రలు మొదలైన చోట ముగియవు, తిరుగు ప్రయాణానికి రైలు కావాలి. ప్రాంతీయ రైళ్లలో సైకిళ్లకు చోటుంది గానీ కొద్దిగానే. వేసవి శనివారాల్లో అది కొద్ది నిమిషాల్లో నిండిపోతుంది. టీజీవీ వేగ రైళ్లలో కొన్నిటిలో మాత్రమే, అదీ ముందే రిజర్వు చేసుకుంటేనే, విప్పకుండా సైకిల్ ఎక్కించవచ్చు. మిగతావాటిలో చక్రాలు ఊడదీసి సంచిలో కట్టాల్సిందే. 2019 నాటి రవాణా చట్టం, దాని కింద 2021లో వచ్చిన ఉత్తర్వు కొత్త రైళ్లలో, పెద్ద మార్పులు చేసిన రైళ్లలో సైకిళ్లకు చోటు తప్పనిసరి చేశాయి. పాత పెట్టెలు మారడానికి ఏళ్లు పడుతుంది. లువార్ లోయలో మాత్రం వేసవి నెలల్లో ఒర్లియాన్ నుంచి సముద్రతీరం వైపు వెళ్లే కొన్ని రైళ్లకు సైకిళ్ల కోసమే ప్రత్యేక పెట్టె తగిలిస్తున్నారు. మార్గాన్నీ రైలునూ కలిపి ఆలోచిస్తే ఏం చేయవచ్చో చూపే ఏర్పాటు ఇది. మిగతా నదుల వెంట ఇంకా రావాల్సి ఉంది.

డబ్బు విషయంలో అంత ఆశాజనకంగా లేదు. 2023లో కేంద్ర ప్రభుత్వం సైకిల్ ప్రణాళికకు 2027 దాకా 200 కోట్ల యూరోలు ప్రకటించింది. ఆ తర్వాత ప్రభుత్వ ఖర్చుల కోతలో ఆ నిధులకు గట్టి దెబ్బే తగిలింది. జిల్లాల ఆదాయం కూడా ఇళ్ల అమ్మకాలు మందగించడంతో తగ్గింది, ఎందుకంటే ఆ లావాదేవీల పన్ను వాటికి ముఖ్య వనరు. దీనివల్ల మొదట ఆగేది కష్టమైన అతుకుల పనే. నది మీద సైకిల్ వంతెన, పట్టణ శివారులో పెద్ద రోడ్డు దాటే సొరంగం, ప్రైవేటు భూమి కొనాల్సిన నాలుగు కిలోమీటర్లు. సులువైన రైలుకట్టలు, గట్లు చాలావరకు వాడేసుకున్నారు. మిగిలినవి ఖరీదైన ముక్కలు.

అందుకే ప్రస్తుతానికి కార్లు పూర్తిగా లేని యాత్ర కావాలనుకునేవారు పొడవైన పేరు వెంట పోకుండా చిన్న, తెగని భాగాలను ఎంచుకోవడం తెలివైన పని. గరోన్ కాలువ, బర్గండీలో జివ్రీ–మాకోన్, బోర్దో–సోవ్‌తేర్, నార్మండీలో దియెప్ దగ్గరి ఆర్క్ నుంచి ఫోర్జ్-లే-ఓ దాకా పాత పారిస్ లైను, వోజ్ కొండల్లో రెమిర్‌మోన్ నుంచి రెండు లోయల్లోకి చీలిపోయే 54 కి.మీ. దారి. వీటిలో ఒక్కోటి రెండు మూడు రోజులకో, వారానికో సరిపోతుంది. మిది కాలువ కావాలంటే మాత్రం నోరూజ్ దాకా ఏ సైకిల్ అయినా ఫరవాలేదు, ఆ తర్వాతి భాగానికి వెడల్పు టైర్లు, అదనపు ట్యూబులు, ఒక రోజు ఎక్కువ సమయం ఉంచుకోవాలి.